సగం మీద ఒక్క ఓటు

కిందటి నెలలో విద్యార్థి సంఘం కార్యదర్శి మరో ఇద్దరు కుర్రాళ్లని వెంటేసుకుని మా యింటికి వచ్చాడు. "మాస్టారూ, ఈ ఏడు సావనీరులో మీ వ్యాసం ఒకటి తప్పకుండా ఉండాలండీ" అన్నాడు. ఏం వ్రాయమంటావోయ్ అంటే, "మీరు అమెరికాలో సెనేట్ ఎన్నిక దగ్గరుండి చూశారట గదా, దాన్ని గురించి వ్రాయండి. కాని మాస్టారూ, రాజకీయాలు మాత్రం వద్దండీ" అన్నాడు. ఎన్నికని గురించి రాజకీయాలు లేకుండా వ్రాయమనడం పెళ్లిని గురించి పెళ్లికూతురి ప్రస్తావన లేకుండా వ్రాయమన్నట్టు ఉంటుంది. అయినా ఆ కుర్రాడి ఇబ్బంది నాకు తెలుసు గనక, ఏ పార్టీ పక్షమూ వహించకుండా, ఓటు లెక్క ఎలా తేలుతుందన్న దాన్ని గురించే వ్రాస్తానని ఒప్పుకున్నాను.

ఒప్పుకోవడానికి నా స్వంత కారణం ఒకటుంది. ఈ కాలేజీలో ముప్ఫై ఏళ్లకి పైగా రాజనీతి శాస్త్రం చెప్పాను. అమెరికా రాజ్యాంగం వచ్చినప్పుడల్లా నల్లబల్ల మీద ఒకే వాక్యం వ్రాసేవాణ్ణి: "1913 నుంచి సెనేటర్ని రాష్ట్ర ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు; ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే నెగ్గుతారు." ఆ వాక్యంలో మొదటి సగం సరైనదే. రెండో సగం అన్నిచోట్లా సరికాదని నాకు డెబ్భయ్యో పడిలో పడ్డాక, జార్జియా రాష్ట్రంలో, మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది.

2020 ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా అట్లాంటాకి ఉత్తరాన ఉన్న ఒక శివారు ఊళ్లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. ఆరు నెలలుండి వచ్చేద్దామనుకున్నాం. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తరవాత వందే భారత్ విమానాలు మొదలయ్యాయి గాని, మా ఆవిడ ఆయాసం సంగతి చూసి అమ్మాయి ప్రయాణం వద్దంది. అలా ఏడాది పాటు అక్కడే ఉండిపోయాం. జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా, కమ్మింగ్ - ఆ చుట్టుపక్కల ఊళ్లలో సాయంత్రం నడకకి వెళ్తే ఎదురొచ్చే నలుగురిలో ఒకరైనా "ఏ ఊరండీ మీది?" అని పలకరిస్తారు. తెలుగు కరువు లేదు గాని, పని కరువు మాత్రం ఉండేది. అంచేత పత్రికలు చదవడం, టీవీ చూడడం, మనవరాలికి లెక్కలు చెప్పడం - ఇదే నా దినచర్య.

ఆ జూన్ 19న ఇక్కడ మన ఆంధ్రప్రదేశ్‌లో రాజ్యసభ ఎన్నిక జరిగింది. నాలుగు సీట్లు, అయిదుగురు అభ్యర్థులు. అక్కడ కూర్చుని ఫలితం చూశాను. చూసిన మనిషికి లెక్క కూడా చెప్పాలనిపిస్తుంది గదా, పాత అలవాటు. మనవరాల్ని పిలిచి చెప్పాను. శాసనసభలో 175 మంది. నాలుగు సీట్లకి ఒకటి కలిపితే అయిదు. 175ని అయిదుతో భాగిస్తే 35. దాన్ని దాటాలి, అంటే 36 మంది మొదటి ప్రాధాన్యం ఇస్తే సీటు ఖాయం. ఆ రోజు 173 ఓట్లు పడ్డాయి. నాలుగు చెల్లలేదు. అధికార పక్షంవారి నలుగురికీ తలా 38, ప్రతిపక్షం అభ్యర్థికి 17. అంతే, అరగంటలో అయిపోయే లెక్క. పార్టీ సభ్యుడు తన ఓటు కాగితాన్ని పార్టీ ఏజెంటుకి చూపించాకే పెట్టెలో వెయ్యాలి. 2003లో చేసిన సవరణ ఇది. అదే సవరణతో అభ్యర్థి ఆ రాష్ట్రంవాడే అయ్యుండాలన్న నియమం కూడా పోయింది. ఆ రోజు మన రాష్ట్రం నుంచి నెగ్గిన నలుగురిలో ఒకరైన పరిమళ్ నత్వానీ గారు అంతకు ముందు పన్నెండేళ్లు జార్ఖండ్ నుంచి సభ్యులు. సుప్రీంకోర్టు 2006లో ఈ రెండు మార్పుల్నీ సమర్థించింది.

"మరి నువ్వు ఎవరికి ఓటేశావు తాతయ్యా?" అని అడిగింది మనవరాలు. నేను వెయ్యలేదమ్మా, మా ఎమ్మెల్యే వేశాడు అన్నాను. "మీ సెనేటర్‌కి నువ్వు ఓటెయ్యవా?" అంది, నమ్మలేనట్టు చూస్తూ.

వాళ్లూ 1913 దాకా వెయ్యలేదు. ఆ సంగతి చెప్పాను. అమెరికా రాజ్యాంగం వ్రాసినప్పుడు సెనేటర్లని ఎన్నుకునే పని రాష్ట్రాల శాసనసభలకే అప్పజెప్పారు, ఇప్పుడు మన రాజ్యసభకి ఉన్నట్టే. శాసనసభలో రెండు ముఠాలు పట్టుబట్టి కూర్చుంటే సీటు ఖాళీగానే ఉండిపోయేది. 1901 నుంచి 1903 దాకా డెలావేర్ రాష్ట్రానికి సెనేట్‌లో ఒక్క మనిషి కూడా లేడు. మోంటానాలో విలియం క్లార్క్ అనే రాగిగనుల యజమాని శాసనసభ్యులకి డబ్బు పంచి సీటు కొనుక్కున్నాడని సెనేట్ సంఘమే తేల్చితే, 1900లో రాజీనామా చెయ్యవలసి వచ్చింది. ఇలాంటివి పోగుపడి పోగుపడి చివరికి పదిహేడో సవరణ వచ్చింది, ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని. కాని "ఎలా" ఎన్నుకోవాలన్నది చాలావరకు రాష్ట్రాలకే వదిలేశారు. అసలు కథంతా ఆ "ఎలా" అన్న మాటలోనే ఉంది. నేను బోర్డు మీద వ్రాయనిది కూడా అదే.

2020 నవంబరు 3న జార్జియాలో ఒకటి కాదు, రెండు సెనేట్ సీట్లకి ఒకేసారి పోటీ జరిగింది. ఇది మామూలుగా జరిగేది కాదు. ప్రతి రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లు, జనాభా ఎంతైనా సరే. సుమారు 3 కోట్ల 95 లక్షల మందున్న కాలిఫోర్నియాకీ ఇద్దరే, 6 లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కీ ఇద్దరే. మన రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కి 31, సిక్కింకి ఒకటి ఉన్నట్టు కాదు. ఆరేళ్ల పదవి, రెండేళ్లకొకసారి మూడో వంతు మందికి గడువు తీరుతుంది. ఇంతవరకు మనలాగే. ఒక రాష్ట్రపు రెండు సీట్లూ ఒకే ఏడు రాకుండా ముందే సర్దిపెట్టారు. కాని జానీ ఐజాక్సన్ అనే సెనేటర్ ఆరోగ్యం బాగాలేక 2019 చివర రాజీనామా చేశాడు. గవర్నరు ఆ స్థానంలో కెల్లీ లెఫ్లర్ అనే ఆవిణ్ణి నియమించాడు. మన దగ్గర రాజ్యసభ సీటు ఖాళీ అయితే ఉపఎన్నిక తప్ప గవర్నరు నియామకం లేదు, గమనించగలరు. ఆ నియామకం తరవాతి సార్వత్రిక ఎన్నిక దాకానే. అంచేత రెండు సీట్లూ ఒకే కాగితం మీదికి వచ్చాయి.

మొదటి సీటులో రిపబ్లికన్ డేవిడ్ పర్డ్యూకి 24 లక్షల 62 వేల పైచిలుకు, డెమొక్రాట్ జాన్ ఆసాఫ్‌కి 23 లక్షల 74 వేల పైచిలుకు, లిబర్టేరియన్ పార్టీ అభ్యర్థికి ఒక లక్షా 15 వేలు. పర్డ్యూ 88 వేల ఆధిక్యంలో ఉన్నాడు. "ఇంకేం, నెగ్గాడు" అన్నాను టీవీ ముందు కూర్చుని. మా అల్లుడు "లేదు మావయ్యగారూ, 49.7 శాతమేనటండీ, సగం దాటలేదు. మళ్లీ పెడతారు" అన్నాడు. "మళ్లీ పెట్టడమేమిటోయ్? 88 వేలు ఎక్కువొచ్చాయి గదా!" అని కాసేపు వాదించాను కూడాను. వాదించాక లోపలికి వెళ్లి చదివాను. అల్లుడు చెప్పిందే నిజం. సగానికి పదమూడున్నర వేల ఓట్లు తక్కువయ్యాయి, అంతే. యాభై లక్షల దాకా పోలైన చోట పదమూడున్నర వేలు.

రెండో సీటు ఇంకా విచిత్రం. ఉపఎన్నిక గనక పార్టీల లోపలి వడపోత లేదు, అందరూ ఒకే కాగితం మీద. ఇరవై మంది! డెమొక్రాట్ రాఫెయల్ వార్నాక్‌కి 32.9 శాతం, లెఫ్లర్‌కి 25.9, మరో రిపబ్లికన్ డగ్ కాలిన్స్‌కి 20. మనవైపు అయితే 32.9 శాతంతో వార్నాక్ గారికి ఆ రాత్రే దండలు వేసి ఊరేగించేవాళ్లం. అక్కడ మొదటి ఇద్దరినీ మిగిల్చి, 2021 జనవరి 5కి మళ్లీ పోటీ పెట్టారు. దీన్నే అక్కడివాళ్లు రనాఫ్ అంటారు. మనం మలి పోలింగు అనుకోవచ్చు.

ఈ "సగం మీద ఒక్క ఓటు" పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చింది? 2020 నాటికి సెనేట్ ఎన్నికలో ఇలా మలి పోలింగు పెట్టే రాష్ట్రాలు జార్జియా, లూసియానా లాంటివి బహు కొద్ది. అన్నిచోట్లా లేనిది ఇక్కడెందుకుంది అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. చదివితే, అంత తేలిగ్గా మింగుడుపడే కథ కాదు.

జార్జియాలో 159 కౌంటీలు. కౌంటీ అంటే మన తాలూకా కంటె కాస్త పెద్దదో చిన్నదో, ఆ మాదిరిది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం అక్కడ డెమొక్రాటిక్ పార్టీదే ఏకఛత్రాధిపత్యం. పార్టీ లోపల జరిగే అభ్యర్థి ఎంపికే అసలు ఎన్నిక. ఆ ఎంపికలో ఓట్లని లెక్కపెట్టేవారు కాదు, కౌంటీల్ని లెక్కపెట్టేవారు. 1917లో దీన్ని చట్టం చేశారు. జనం ఎక్కువున్న ఎనిమిది కౌంటీలకి తలా ఆరు, తరవాతి ముప్ఫైకి తలా నాలుగు, మిగిలిన 121 పల్లె కౌంటీలకి తలా రెండు - మొత్తం 410 పాయింట్లు. కౌంటీలో ఎవరికి ఎక్కువొస్తే ఆ పాయింట్లన్నీ వాళ్లవే. అట్లాంటా నగరమున్న ఫుల్టన్ కౌంటీలో 1960 జనాభా లెక్కల ప్రకారం 5,56,326 మంది. వాళ్లకి ఆరు పాయింట్లు. ఎకోల్స్ అనే కౌంటీలో 1,876 మంది. వాళ్లకి రెండు. భాగహారం చేసి చూడండి: ఎకోల్స్‌లో ఒక మనిషి ఫుల్టన్‌లో 99 మందితో సమానం! 1946లో గవర్నరు పదవి ఎంపికలో జేమ్స్ కార్మైకేల్ అనే ఆయనకి దాదాపు పదహారు వేల ఓట్లు ఎక్కువొచ్చినా, పాయింట్ల లెక్కలో యూజీన్ టాల్మడ్జ్ నెగ్గాడు. నగరాల్లో నల్లవాళ్లు ఓటర్లుగా చేరుతున్న రోజులవి. ఆ ఓటుకి బరువు లేకుండా చెయ్యడానికి ఇంతకన్న మంచి తూకంరాళ్లు దొరకవు గదా.

1963లో అమెరికా సుప్రీంకోర్టు గ్రే వర్సెస్ శాండర్స్ కేసులో ఈ పద్ధతిని కొట్టేసింది. "ఒక మనిషికి ఒక ఓటు" అన్న మాట రాజ్యాంగ సూత్రంగా స్థిరపడింది ఆ తీర్పుతోనే. ఆ మాటని నేను ఎన్ని ఉపన్యాసాల్లో వాడానో! అది జార్జియా కేసులో వచ్చిందన్న సంగతి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.

కౌంటీ లెక్క పోయిన మరుసటి ఏడు, 1964లో, కొత్త ఎన్నికల చట్టంలో సగం మీద ఒక్క ఓటు నిబంధన వచ్చింది. దాన్ని గట్టిగా పట్టుకుని తిరిగినవాడు డెన్మార్క్ గ్రూవర్ అనే శాసనసభ్యుడు, మేకన్ పట్టణంవాడు. అంతకుముందు ఒక ఎన్నికలో ఓడిపోతే, నల్లవాళ్లంతా మూకుమ్మడిగా ఎదుటివాడికి ఓటెయ్యడం వల్లే ఓడిపోయానని అతని బాధ. తర్కం ఇదీ: తెల్లవాళ్ల ఓట్లు ముగ్గురు నలుగురి మధ్య చీలిపోతే, నల్లవాళ్లు ఏకమై నిలబెట్టినవాడు ముప్ఫై, నలభై శాతంతో దూరిపోతాడు. మలి పోలింగు పెడితే చీలినవాళ్లు మళ్లీ ఒకటవుతారు. తానప్పుడు వర్ణభేదం పాటించినవాణ్ణేనని గ్రూవరే చాలా ఏళ్ల తరవాత ఒప్పుకున్నాడు. అయితే ఒక్కడి ఉద్దేశాన్ని బట్టి చట్టమంతా అలాంటిదేనా అన్న దాని మీద చరిత్రకారుల్లో వాదాలున్నాయి. సగం మంది మద్దతు కావాలనడం అన్యాయమేమీ కాదు గదా అనేవాళ్లూ ఉన్నారు. ఈ నిబంధనని కొట్టెయ్యమని వేసిన దావా 1990లలో అప్పీలు కోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది కూడాను.

నాకు మాత్రం ఇందులో రెండు సంగతులు కలవకుండా ఉండిపోయాయి. నిబంధనగా చూస్తే ఇది నాకిష్టమైన నిబంధనే. మా విద్యార్థి రోజుల్లో ఈ కాలేజీ సంఘానికి సాహిత్య కార్యదర్శిగా పోటీ చేశాను. హాస్టలు ఓట్లు మా ఇద్దరి మధ్య చీలి, మూడోవాడు నెగ్గాడు. సగం నిబంధన ఉంటేనా అని ఎన్ని రాత్రులు అనుకున్నానో! (ఆ మూడోవాడు తరవాత మంచి మిత్రుడయ్యాడు, అది వేరే కథ.) మరి అదే నిబంధనని ఒకడు పొరుగువాడి ఓటు పనికిరాకుండా చెయ్యడానికి కోరుకున్నాడంటే, దాన్ని మంచిదనాలా, చెడ్డదనాలా? వాదించడానికి కాలేజీ కుర్రాళ్లకి మంచి విషయం. ఎప్పుడైనా వక్తృత్వ పోటీకి పెట్టుకోండి.

పైగా, నిబంధన ఎవరికి మేలు చేస్తుందన్నది దాన్ని పెట్టినవాడి చేతిలో ఉండదు. 1992లో డెమొక్రాట్ వైచ్ ఫౌలర్ 49 శాతం పైగా తెచ్చుకుని ముందున్నాడు. మూడు వారాల్లో మలి పోలింగులో రిపబ్లికన్ పాల్ కవర్‌డెల్ చేతిలో ఓడిపోయాడు. శాసనసభలో మెజారిటీ అప్పుడు డెమొక్రాట్లది. వాళ్లు 1994లో, సగం అక్కర్లేదు, 45 శాతం చాలునని మార్చేశారు. 1996లో వాళ్ల మాక్స్ క్లీలండ్ 48.9 శాతంతో మలి పోలింగు లేకుండానే సెనేట్‌కి వెళ్లాడు. తరవాత రిపబ్లికన్ల చేతికి శాసనసభ వచ్చింది. 2005లో మళ్లీ సగం నిబంధన తెచ్చారు. 2008లో వాళ్ల సాక్స్‌బీ చాంబ్లిస్ 49.8 దగ్గర ఆగిపోయినా, డిసెంబరు మలి పోలింగులో 57 శాతంతో నెగ్గాడు. అంటే రెండు పార్టీలూ గోల్‌పోస్టుని తమకి వీలుగా జరుపుకున్నవే. కార్యదర్శికి ఇచ్చిన మాట ప్రకారం ఎవరినీ వదిలిపెట్టలేదు, ఎవరినీ మెచ్చుకోలేదు.

ఇప్పుడు మా యింటి సంగతి. మా అమ్మాయి పౌరసత్వ ప్రమాణం 2020 అక్టోబరు ఆఖరులో జరిగింది, కోవిడ్ రోజులు గనక పదిహేను నిమిషాల్లో ముగించారు. అల్లుడి దరఖాస్తు ఇంకా వరసలోనే ఉంది. గ్రీన్‌కార్డు మీద ఓటు లేదు. నవంబరు ఎన్నికకి ఓటరుగా నమోదయ్యే గడువు అక్టోబరు 5నే దాటిపోయింది. ఇరవై రోజుల తేడాతో మొదటి ఓటు పోయిందని అది చిన్నబుచ్చుకుంది. మలి పోలింగు వస్తుందనగానే వెతికి చూసింది. దానికి నమోదు గడువు విడిగా, డిసెంబరు 7 దాకా ఉంది. మొదటి విడతలో ఓటెయ్యనివాళ్లు కూడా రెండో విడతలో వెయ్యవచ్చు. మన రాజ్యసభలో అయితే రెండో ప్రాధాన్యం కూడా ఒకే కాగితం మీద ఒకేసారి వ్రాసేస్తాం గనక ఈ తికమక ఉండదు. అక్కడ రెండు విడతల మధ్య తొమ్మిది వారాలు. విదేశాల్లో ఉన్న సైనికులకి ఓటు కాగితం 45 రోజుల ముందు పంపాలన్న కేంద్ర చట్టం వల్ల, 2013లో ఒక కోర్టు ఉత్తర్వు మీద అంత గడువు పెట్టారు.

ఆ తొమ్మిది వారాలూ టీవీ పెడితే ఎన్నికల ప్రకటనలే. పోస్టుపెట్టె తెరిస్తే రంగు రంగుల కార్డులే. ఒకరోజు ఫోను తీస్తే ఆడగొంతు, "నమస్కారమండీ, మీ యింట్లో ఓటు ఎవరికుందండీ?" అని గోదావరి జిల్లా యాసలో! ఆ ఓటు నాది కాదమ్మా అంటే, అయినా పది నిమిషాలు మాట్లాడింది. ఆ రెండు సీట్ల కోసం అంత హడావుడి ఎందుకంటే, అప్పటికి సెనేట్ వందమందిలో రిపబ్లికన్లు 50, డెమొక్రాట్లు, వాళ్లతో కలిసి కూర్చునే స్వతంత్రులు కలిపి 48. ఈ రెండూ డెమొక్రాట్లకి వస్తే 50-50. అప్పుడు తూకం తేల్చే ఓటు సభాధ్యక్ష స్థానంలో ఉన్న ఉపరాష్ట్రపతిది. మన రాజ్యసభ అధ్యక్షుడికి ఉన్నట్టే.

మా అమ్మాయి పోస్టులో ఓటు తెప్పించుకుంది. వంటింటి బల్ల మీద పెట్టుకుని, నల్ల సిరాతో గుండ్రాలు నింపి, కవరు మీద సంతకం పెట్టి, డిసెంబరు రెండోవారంలో పంపింది. పది రోజులకి కౌంటీ ఎన్నికల ఆఫీసు నుంచి ఉత్తరం: మీ సంతకం మా దగ్గరున్న సంతకంతో కలవడం లేదు, ఓటు పక్కన పెట్టాము.

తప్పు ఆఫీసుది కాదు, మా యింటిదే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నాది. అది పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేనాడు, సంతకం తెలుగులోనే పెట్టాలని పట్టుబట్టినవాణ్ణి నేను. పాస్‌పోర్టులోనూ, అమెరికా వెళ్లిన కొత్తలో తీసుకున్న డ్రైవింగు లైసెన్సులోనూ తెలుగు సంతకమే. ఓటరు నమోదు ఆ లైసెన్సు ఆధారంగా జరిగింది. మధ్యలో ఆఫీసు కాగితాల మీద ఇంగ్లీషు సంతకం అలవాటైపోయి, కవరు మీద చెయ్యి అటే పోయింది. "నాన్నా, నా మొదటి ఓటు నీ మాతృభాషాభిమానానికి బలైపోయింది" అంది. నవ్వుతూనే అంది గాని, ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నేనూ తినలేదు.

అయితే దిద్దుకోవడానికి అవకాశం ఉంది. ఒక ప్రమాణపత్రం మీద "ఆ సంతకం నాదే" అని వ్రాసి, గుర్తింపు కార్డు నకలు జతచేసి, పోలింగు తరవాత మూడు రోజుల్లోగా, అంటే జనవరి 8 లోగా అందజెయ్యాలి. మర్నాడే పంపింది. ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని, తెలుగులో. నాలుగు రోజులకి ఇంటర్నెట్‌లో చూస్తే ఓటు స్వీకరించామని వచ్చింది. ఎవరికి వేసిందో నేను అడగలేదు, అది చెప్పలేదు.

జనవరి 5 ఫలితం: వార్నాక్ 93 వేల పైన, ఆసాఫ్ సుమారు 55 వేల ఆధిక్యంతో నెగ్గారు. ఈ అంకెల్ని కొంచెం విప్పి చూస్తే ఒక తమాషా కనబడుతుంది. నవంబరులో ఆసాఫ్‌కి 23.7 లక్షలు, జనవరిలో 22.7 లక్షలు. అంటే లక్ష పైగా తగ్గాయి! తగ్గి కూడా నెగ్గాడు. పర్డ్యూకి తగ్గినవి రెండు లక్షల నలభై ఏడు వేలు. ఎవరూ పెరగలేదు, ఎవరివాళ్లు తక్కువమంది ఇంట్లో కూర్చున్నారన్నదే తేల్చింది. మరో సంగతి, అదే కాగితం మీద మూడో పోటీ కూడా ఉంది, కరెంటు గ్యాసు రేట్లు చూసే పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో ఒక సీటుకి. అందులో నెగ్గింది రిపబ్లికన్. కాగితం మీద కిందిదాకా వచ్చేసరికి కొన్నివేల మంది మనసు మార్చుకున్నారన్నమాట.

మర్నాడు, జనవరి 6న, వాషింగ్టన్‌లో చట్టసభ భవనం మీదికి జనం ఎగబడ్డారు. జార్జియా ఫలితం పత్రికల్లో మూలకి పోయింది. పర్డ్యూ గడువు 3వ తేదీనే తీరిపోయింది గనక, 20న కొత్తవాళ్లు ప్రమాణం చేసేదాకా ఆ కుర్చీ ఖాళీగా ఉంది. 20న 33 ఏళ్ల ఆసాఫ్, జార్జియా పంపిన మొదటి యూదు సెనేటరుగా. వార్నాక్, ఆ రాష్ట్రపు మొదటి నల్లజాతి సెనేటరుగా ప్రమాణం చేశారు. వార్నాక్ అట్లాంటాలో ఎబెనెజర్ చర్చి పాస్టరు, మార్టిన్ లూథర్ కింగ్ ఉపదేశాలు చేసిన చర్చి అది. అమెరికా సెనేట్‌లో కూర్చున్న మొదటి స్త్రీ కూడా జార్జియా ఆవిడే: రెబెకా ఫెల్టన్, 1922లో, 87 ఏళ్ల వయసులో, ఒక్కరోజు పాటు. ఆవిడ ఒకప్పుడు బానిసల యజమానురాలు, నల్లవాళ్ల పట్ల మాట్లాడిన మాటలు చదవలేం. తెల్లవాళ్ల ఓట్లు చీలకుండా ఉండాలని 1964లో గ్రూవర్ పట్టుబట్టిన నిబంధన ఈ చర్చి పాస్టరుని ఆ రాష్ట్రం తరఫున కూర్చోబెట్టింది. గ్రూవర్ అప్పటికి బతికి లేడు.

ఆ 50-50 సభ పనెలా చేసిందో నేను మన దేశం వచ్చాక పత్రికల్లో చూసేవాణ్ణి. 2022 ఆగస్టులో పెద్ద పన్నుల, వాతావరణ బిల్లొకటి ఉపరాష్ట్రపతి కమలా హారిస్ ఓటుతో 51-50గా గట్టెక్కింది.

వార్నాక్ గెలిచింది ఐజాక్సన్ మిగిల్చిన రెండేళ్లకే గనక 2022లో మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ అదే వరస. నవంబరులో 49.4 శాతం, ఎదుటి హర్షల్ వాకర్‌కి 48.5. ఈసారి ముందున్నవాడు వార్నాక్. సగం దాటలేదు గనక డిసెంబరు 6న మలి పోలింగు. 51.4 శాతంతో నెగ్గాడు. కాని ఈ రెండు మలి పోలింగుల మధ్య చట్టం మారింది. 2021లో రాష్ట్ర శాసనసభ తొమ్మిది వారాల గడువుని నాలుగు వారాలకి కుదించింది. ఓటరు నమోదుకి నెల ముందు గడువన్న నియమం మాత్రం మారలేదు. అంచేత 2022లో మలి పోలింగుకి నమోదు గడువు నవంబరు 7తో ముగిసింది, అంటే మొదటి పోలింగుకి ఒకరోజు ముందు. మలి పోలింగు ఉంటుందో లేదో తెలియకముందే దానికి తలుపు మూసుకుందన్నమాట. ఈ చట్టం ఏడాది ముందే వచ్చి ఉంటే, మా అమ్మాయి బల్ల మీద ఆ కవరు ఉండేదే కాదు. గడువు తగ్గించడాన్ని సమర్థించేవాళ్లు, పండగ రోజుల్లో తొమ్మిది వారాల ప్రచారం జనాన్ని చంపుకుతింటోందన్నారు. అదీ అబద్ధం కాదు, ఆ ఫోనులు ఎత్తినవాణ్ణి నేను.

నాలుగు వారాల్లో కొత్త కాగితం వెళ్లి రావడం కుదరదు గనక, విదేశాల్లో ఉన్న సైనికులకి ఆ చట్టం వేరే ఏర్పాటు చేసింది. మొదటి కాగితంతోపాటే ఇంకో కాగితం పంపుతారు. అందులో అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని వరస వేసి పంపెయ్యాలి. మలి పోలింగులో ఎవరు మిగిలితే వారిలో పైనున్నవారికి ఆ ఓటు చెందుతుంది. చదవగానే నవ్వొచ్చింది. మన ఎమ్మెల్యేలు రాజ్యసభ ఎన్నికలో చేసే పని అది! ఒక సీటుకి ఒకచోట, నాలుగు సీట్లకి ఒకచోట, అదే తేడా. ఉత్తరం వ్రాసి మనవరాలికి చెప్పాను. "మరి అందరికీ అలాగే ఇవ్వొచ్చుగా తాతయ్యా, రెండోసారి వెళ్లక్కర్లేదు" అని జవాబిచ్చింది. మెయిన్ రాష్ట్రంలో 2018 నుంచి సెనేట్ ఎన్నిక అలాగే జరుగుతోందని తిరుగు ఉత్తరంలో వ్రాశాను.

నా దగ్గర చదువుకున్నవాళ్లు ఈ సావనీరు చదివేవారిలో చాలామందే ఉంటారు. వాళ్లలో కొందరిప్పుడు ఇదే పాఠం చెబుతున్నారు. మీ పాత నోట్సులో అమెరికా సెనేట్ అన్న శీర్షిక కింద "ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే" అని నా మాట ఉంటే, పక్కన "జార్జియాలో కాదు" అని పెన్సిలుతో చేర్చుకోండి. పెన్సిలుతోనే చేర్చండి, 1994లోనూ 2005లోనూ మార్చినవాళ్లు మళ్లీ మార్చవచ్చు.